మార్చిలోనే లాభం, మార్చిలోనే అప్పు: ఫ్యాక్టరీ బడ్జెట్ లోపలి లెక్క

విశాఖ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాక్టరీ నడిపేవాళ్లని వచ్చే ఏడాది బడ్జెట్ ఉందా అని అడిగితే చాలామంది ఉందనే అంటారు. చూపించమంటే తీసేది బ్యాంకుకి ఇచ్చిన సీఎంఏ డేటా. సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్, అంటే అవసరమైనప్పుడల్లా బ్యాంకు నుంచి వాడుకునే అప్పు పరిమితి, దాని రెన్యువల్ టైములో ఆడిటర్ గారి ఆఫీసులో తయారయ్యే కాగితం అది. కిందటేడు టర్నోవర్ మీద ఇరవై శాతం కలుపుతారు, ఖర్చుల్ని అదే లెక్కన పెంచుతారు, లాభం కాస్త పచ్చగా కనపడేలా చూసి పంపిస్తారు. బ్యాంకు ఫైలుకి అది సరిపోతుంది. కానీ ఫిబ్రవరిలో ముడిసరుకు ఇనుప షీటు కొనడానికి ఎంత కావాలి, ఏప్రిల్ 20కి జీఎస్టీ కింద ఎంత సిద్ధంగా ఉంచుకోవాలి, సంక్రాంతికి మనుషులు ఊరెళ్తే ఏ ఆర్డరు ఆగుతుంది అనే ప్రశ్నలకి అందులో జవాబు దొరకదు.

గందరగోళం ఎక్కువగా వచ్చేది ఒక్క దగ్గరే. లాభం కనిపించే నెల, చేతిలో డబ్బు కనిపించే నెల ఒకటే అనుకుంటాం. తయారీ వ్యాపారంలో ఆ రెండూ కలవడం అరుదు. పూర్తి బడ్జెట్ వేసుకునేది ముఖ్యంగా ఈ తేడాని ముందే నెలల వారీగా చూసుకోవడానికే. దీన్ని ఒక ఊహాజనిత యూనిట్ లెక్కలతో చూద్దాం. గాజువాక దగ్గర అద్దె షెడ్డు, మొత్తం 22 మంది పనివాళ్లు, జీఐ షీటుతో (జింకు పూత వేసిన ఇనుప రేకు) కేబుల్ ట్రేలు, అంటే కరెంటు కేబుళ్లని మోసే రేకు ట్రేలు తయారీ. ధరలు, సంఖ్యలు లెక్క కోసం వేసుకున్నవే.

## మాస్టర్ బడ్జెట్‌లో ఏమేం ఉంటాయి

మాస్టర్ బడ్జెట్ అంటే ఒకదాన్నుంచి ఒకటి పుట్టే కొన్ని పట్టికల కట్ట. మొదట అమ్మకాల బడ్జెట్. ఎంత అమ్ముతామో తెలిస్తే ఎంత తయారుచేయాలో తేలుతుంది, అది ఉత్పత్తి బడ్జెట్. దాన్నుంచి ముడిసరుకు, కూలీ, ఫ్యాక్టరీ ఖర్చుల బడ్జెట్లు వస్తాయి. వాటికి ఆఫీసు, రవాణా, వడ్డీ ఖర్చులు కలిపితే లాభనష్టాల అంచనా. ఇక్కడిదాకా వచ్చినవాటిని ఆపరేటింగ్ బడ్జెట్ అంటారు. యంత్రాల కొనుగోలు, నగదు రాకపోకలు, ఏడాది చివరి బ్యాలెన్స్ షీటు అంచనా కలిసి ఫైనాన్షియల్ బడ్జెట్.

వరుస మారితే లెక్క చెడుతుంది. ఖర్చులు ముందు రాసుకుని, అవి పూడటానికి ఎంత అమ్మాలో చివర్లో తేల్చేవాళ్లూ ఉన్నారు. బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం రెండూ లేని మట్టం) తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. అమ్మకాల అంచనాగా వాడితే మాత్రం మన కోరికని మార్కెట్ మాటగా రాసుకున్నట్టే.

## అమ్మకాల అంచనా: విశాఖలో ఆర్డరు ఎక్కడినుంచి వస్తుంది

ఇక్కడి యూనిట్లకి సాధారణ మార్కెట్ సర్వేలు పెద్దగా ఉపయోగపడవు. కొనేవాళ్లు కొద్దిమందే: స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, షిప్‌యార్డు, పోర్టులు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, వీటన్నిటికీ పనులు చేసే కాంట్రాక్టర్లు. కాబట్టి అంచనాని శాతాల్లో కాకుండా పేర్లవారీగా వేయాలి. ఎవరి రేట్ కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, రిపేర్ల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్ ఎవరిది ఏ నెలలో, ఏ ప్రాజెక్టు పని ముగింపుకొచ్చింది అని.

ప్రాజెక్టు ఆర్డరుకీ మెయింటెనెన్స్ ఆర్డరుకీ తేడా చాలా ఉంది. హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీ సామర్థ్యాన్ని ఏడాదికి 83.3 లక్షల టన్నుల నుంచి 150 లక్షల టన్నులకు పెంచే పనులు చేపట్టింది. అలాంటి విస్తరణ నడిచే రోజుల్లో కేబుల్ ట్రేలు, సపోర్టులు, స్ట్రక్చరల్ పనులు వరదలా వస్తాయి. విస్తరణ ముగిశాక మిగిలేది మెయింటెనెన్స్. ప్రాజెక్టు ఏడాది అమ్మకాల మీద ఇరవై శాతం కలిపి తర్వాతి ఏడాదికి రాసుకుంటే అది అంచనా అనిపించుకోదు. 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం విశాఖ స్టీల్ ప్లాంటుకు రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఆమోదించినప్పుడు కూడా యూనిట్లు వేసుకోవాల్సిన ప్రశ్న ఇలాంటిదే. అందులో మన సరుకు కొనే పనికి వచ్చేదెంత, పాత బాకీలకీ అప్పులకీ పోయేదెంత?

నెలల తీరు కూడా ముఖ్యం. ప్రభుత్వ రంగ సంస్థలు కేటాయింపులు మురిగిపోకుండా జనవరి నుంచి మార్చిలోపు ఖర్చు పెట్టాలని చూస్తాయి, ఆర్డర్లన్నీ అప్పుడే మీద పడతాయి. ఏప్రిల్, మే మందకొడి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు షెడ్ల రేకులు లేచిపోయి, కరెంటు లేక పని ఆగిన రోజులు ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అక్టోబరుకి 26 పనిరోజులూ నిండుగా వేసేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన యూనిట్ ఏడాదికి సుమారు 20,000 ట్రేలు అమ్ముతుందనుకుందాం, ట్రే రూ.1,200, జీఎస్టీ అదనం. నవంబరు, డిసెంబరుల్లో 1,400 చొప్పున, జనవరిలో 1,500, ఫిబ్రవరిలో 2,000, మార్చిలో 3,500, ఏప్రిల్ నుంచి కొన్ని నెలలు 1,200 చొప్పున.

## ఉత్పత్తి: అమ్మినంతే చేయడమా, సమంగా చేయడమా

నెలాఖరుకి తర్వాతి నెల అమ్మకాల్లో 20 శాతం సరుకు చేతిలో ఉండాలని నియమం పెట్టుకుందాం. జనవరి మొదట్లో 300 ట్రేలు ఉంటాయి. 1,500 అమ్మాలి, ఫిబ్రవరి కోసం 400 మిగల్చాలి. కాబట్టి 1,500 + 400 − 300 = 1,600 తయారుచేయాలి. ఇదే లెక్కన ఫిబ్రవరికి 2,300, మార్చికి 3,040.

యంత్రాల మీద 12 మంది ఉన్నారు. ఒక్కో ట్రేకి ఒక మనిషి గంట పడుతుంది. 12 మంది, 26 రోజులు, 8 గంటలు: నెలకి 2,496 గంటలు. మార్చికి 544 గంటలు తక్కువ పడ్డాయి. ఓవర్‌టైమ్‌కి మామూలు వేతనానికి రెట్టింపు ఇవ్వాలి, అంటే సుమారు రూ.78 వేలు. గంటలకి చట్టం పెట్టిన పరిమితి ఉంది కాబట్టి డబ్బున్నంత మాత్రాన ఎంతైనా చేయించలేం.

ప్రొడక్షన్ చూసే ఆయన మూడు నెలలకీ సమంగా పంచుదామంటాడు. మొత్తం 6,940 ట్రేలు, నెలకి 2,313 చొప్పున. ఓవర్‌టైమ్ అక్కర్లేదు. లెక్కలు చూసే ఆయన ఒప్పుకోడు, ఎందుకంటే ఫిబ్రవరి చివరికి 700కి బదులు 1,426 ట్రేలు షెడ్డులో కూర్చుంటాయి. అదనంగా రూ.5.6 లక్షలు సరుకులో ఇరుక్కున్నట్టు. కానీ పదకొండు శాతం వడ్డీ వేసుకున్నా రెండు నెలలకి పదివేల చిల్లర, ఓవర్‌టైమ్ రూ.78 వేలు. కాగితం మీద ప్రొడక్షన్ ఆయనే గెలిచాడు.

ఇక్కడ సంక్రాంతి అడ్డొస్తుంది. పనివాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా వైపువాళ్లు ఎక్కువగా ఉంటే నాలుగు రోజులు షెడ్డు ఖాళీ. 384 గంటలు పోతే మిగిలేవి 2,112. సమంగా 2,313 చేద్దామనుకున్న ప్లాను మొదటి నెలలోనే తప్పుతుంది. పైగా కస్టమర్ సైజు మారిస్తే ముందే చేసిపెట్టిన ట్రేలు ఎవరికీ పనికిరావు. ఎక్కువ యూనిట్లు చివరికి మధ్యలో ఎక్కడో స్థిరపడతాయి: స్టాండర్డ్ సైజులు ముందే చేసి ఉంచుకుంటాయి, ప్రత్యేక సైజులు ఆర్డరు వచ్చాక.

## షీటు లెక్క: నాలుగు మిల్లీమీటర్ల విలువ

ఇంటి పక్కనే స్టీల్ ప్లాంటు ఉంది, ముడిసరుకుకి మీకేం లోటని బయటివాళ్లు అంటుంటారు. విశాఖ ప్లాంటు చేసేది లాంగ్ ప్రొడక్ట్స్: టీఎంటీ కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిల్స్, చానెళ్లు. షీటు ఇక్కడ తయారవదు. అది వేరే రాష్ట్రాల మిల్లుల నుంచి డీలర్ల ద్వారా రావాలి. అందుకే నెలాఖరుకి తర్వాతి నెల అవసరంలో సగం షీటు నిల్వ ఉండాలని మన నియమం.

ట్రేకి 10.5 కిలోల షీటు, అందులో అరకిలో తుక్కు. కిలో రూ.70 వేసుకుంటే ట్రేకి రూ.735. ఈ 10.5 ఎలా వచ్చిందో దగ్గరగా చూడాలి. 1250 మిల్లీమీటర్ల వెడల్పు షీటు, బరువు 31.5 కిలోలు. ట్రేగా మడవక ముందు పట్టీ వెడల్పు 416 మిల్లీమీటర్లైతే మూడు పట్టీలొస్తాయి. కస్టమర్ డ్రాయింగులో అంచు కొంచెం పెరిగి పట్టీ 420 అయిందనుకోండి, రెండే వస్తాయి. మిగిలిన 410 ముక్క చిన్న సైజు ట్రేకి పనికొస్తే సరే. రాకపోతే ట్రేకి 15.75 కిలోలు పడినట్టు. అదనపు ఖర్చు రూ.367. కాసేపట్లో చూస్తాం, ట్రే మీద మనకి మిగిలేదే రూ.390. బడ్జెట్‌లో 'స్క్రాప్ 5 శాతం' అని ఒక గీత గీసేసే యూనిట్లకి ఈ సంగతి ఏడాది చివర్లో తుక్కు అమ్మినప్పుడు గానీ తెలియదు.

జనవరిలో కొనాల్సింది 20,475 కిలోలు. ఫిబ్రవరిలో 28,035. మార్చిలో 22,260. అమ్మకాలు ఎక్కువుండేది మార్చిలో అయితే, కొనుగోళ్లు ఎక్కువుండేది ఫిబ్రవరిలో. ఈ ఒక్క నెల తేడాని గుర్తుంచుకోండి.

## కూలీ: చేతికిచ్చే జీతం వేరు, యూనిట్‌కి పడే ఖర్చు వేరు

నెలకి రూ.15,000 వేతనం అనుకుంటే, యజమాని వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, కనీస బోనస్ 8.33 శాతం, గ్రాట్యుటీకి ఏడాదికి 15 రోజుల వేతనం. టీ, యూనిఫాం, సేఫ్టీ బూట్లు కలిపితే మనిషికి రూ.20,000 దగ్గరికొస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లతో ఈ లెక్క మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలిపి లెక్కకట్టాలి. బేసిక్ తక్కువ చూపించి అలవెన్సులు ఎక్కువ పెట్టిన చోట గ్రాట్యుటీ లాంటివి పెరుగుతాయి.

కూలీని ట్రేకి ఇంత అని రాయడం పాత అలవాటు. జనవరిలో 1,600 ట్రేలే చేసినా 12 మందికీ పూర్తి జీతమే ఇస్తాం. కాబట్టి మన లెక్కలో నెలకి రూ.2.4 లక్షల కూలీని స్థిర ఖర్చుల్లోనే వేస్తున్నాను. పీస్ రేటు మీద నడిపే షెడ్డులో అయితే ఇది మారుతుంది.

## స్థిర ఖర్చు, మారే ఖర్చు, రూ.1,000 ఆర్డరు గొడవ

ఉత్పత్తితో పాటు పెరిగేది మారే ఖర్చు: షీటు రూ.735, వాడిన కరెంటు, డ్రిల్ బిట్లు, ప్యాకింగ్ కలిపి రూ.45, రవాణా రూ.30. మొత్తం రూ.810. అమ్మకం ధర రూ.1,200లో ఇది పోగా మిగిలే రూ.390ని కాంట్రిబ్యూషన్ అంటారు.

షెడ్డు అద్దె, సూపర్‌వైజరు, ఆఫీసు జీతాలు, వడ్డీ, తరుగుదల కలిపి నెలకి రూ.3.3 లక్షలనుకుందాం. కూలీతో కలిపి స్థిర ఖర్చు రూ.5.7 లక్షలు. 5,70,000ని 390తో భాగిస్తే నెలకి 1,462 ట్రేలు. అంతకన్నా తక్కువ అమ్మితే ఆ నెల నష్టమే. కరెంటు బిల్లు మాత్రం రెండు పడవల మీద కాళ్లేసిన బాపతు. ఇక్కడి కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో వాడిన యూనిట్లు మారే ఖర్చు, తీసుకున్న లోడు మీద పడే డిమాండ్ ఛార్జీ స్థిర ఖర్చు. మొత్తం బిల్లుని ట్రేల సంఖ్యతో భాగించి పెట్టుకుంటే మందకొడి నెలల్లో లెక్క తప్పుతుంది.

ఇప్పుడు గొడవ. ఏడాది స్థిర ఖర్చు రూ.68.4 లక్షలని 20,000 ట్రేల మీద పంచితే ఒక్కోదానికి రూ.342. అంటే ట్రే పూర్తి ఖరీదు రూ.1,152. ఏప్రిల్‌లో ఒక కాంట్రాక్టరు 500 ట్రేలు కావాలి, రూ.1,000కి ఇస్తారా అన్నాడు. పూర్తి ఖరీదు చూసేవాళ్లు ట్రేకి రూ.152 నష్టమని వెనక్కి పంపిస్తారు. కాంట్రిబ్యూషన్ చూసేవాళ్లు ఒప్పుకుంటారు: ట్రేకి రూ.190 చొప్పున రూ.95,000 వస్తుంది, ఆ ఆర్డరు లేకపోతే ఏప్రిల్ ఎలాగూ రూ.1.02 లక్షల నష్టంలో ఉంది.

రెండు వాదనల్లోనూ నిజముంది. ఖాళీ నెలలో, ఒక్కసారికి, వేరే కస్టమరుకి తెలియకుండా ఇవ్వగలిగితే రెండోది సరైనది. కానీ ఆటోనగర్‌లో రేటు దాగదు. మార్చిలో పాత కస్టమరు అదే రేటు అడిగితే ఏడాది పొడవునా స్థిర ఖర్చు మోసేవాళ్లు ఉండరు. ఆర్డర్లు 15,000కి పడిపోతే పంచిన ఖర్చు రూ.342 నుంచి రూ.456 అవుతుంది. దాన్ని చూసి రేటు పెంచితే ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి. పూర్తి ఖరీదు పద్ధతిని ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు ఈ సుడిలో పడుతుంటారు.

## లాభం ఒక నెల, డబ్బు ఇంకో నెల

లాభం ముందు. జనవరిలో రూ.15 వేలు. ఫిబ్రవరిలో రూ.2.1 లక్షలు. మార్చిలో ఓవర్‌టైమ్ పోగా రూ.7.17 లక్షలు. ఏడాది లాభం దాదాపు అంతా ఈ మూడు నెలల్లోనే ఉంది.

నగదు లెక్కకి మరికొన్ని నియమాలు కావాలి. కస్టమరు 60 రోజులకి ఇస్తాడు. షీటు డీలరు డబ్బు పడ్డాకే లారీ పంపుతాడు. తరుగుదల నెలకి రూ.50 వేలు ఖర్చుల్లో ఉంది కానీ జేబులోంచి పోదు. టర్మ్ లోను అసలు నెలకి రూ.60 వేలు జేబులోంచి పోతుంది కానీ లాభనష్టాల్లో కనపడదు. మార్చి 15న అడ్వాన్స్ ట్యాక్స్ చివరి వాయిదా రూ.75 వేలు. జనవరి మొదట్లో చేతిలో రూ.3 లక్షలు. అంకెలు లక్షల్లో, జీఎస్టీతో కలిపి:

| నెల | వచ్చేది | పోయేది | నెలాఖరుకి |
|---|---|---|---|
| జనవరి | 19.82 | 24.91 | −2.08 |
| ఫిబ్రవరి | 19.82 | 31.25 | −13.51 |
| మార్చి | 21.24 | 28.92 | −21.20 |
| ఏప్రిల్ | 28.32 | 21.86 | −14.74 |
| మే | 49.56 | 18.11 | +16.71 |

ఏడాదిలో అన్నిటికన్నా మంచి లాభమొచ్చిన మార్చి ముగిసేసరికి రూ.21 లక్షల అప్పు. నష్టంలో ఉన్న మే నెల ముగిసేసరికి చేతిలో రూ.16 లక్షలు. వ్యాపారం బాగాలేదా అంటే బాగానే ఉంది. అమ్మకం మార్చిలో, షీటు ఫిబ్రవరిలో, వసూలు మేలో, అంతే. ఇంకో చిక్కు, బడ్జెట్ పుస్తకం మార్చి 31తో ముగుస్తుంది. ఆ ఏడాది ఆర్డర్ల డబ్బు తర్వాతి పుస్తకంలో ఉంటుంది. అందుకే నగదు బడ్జెట్‌ని కనీసం జూన్ దాకా లాగాలి.

ఏప్రిల్ వరుసలో జీఎస్టీ ఒక్కటే రూ.4.75 లక్షలు. మార్చి బిల్లుల మీద పన్ను ఏప్రిల్ 20కల్లా కట్టాలి. ఆ బిల్లుల డబ్బు వచ్చేది మేలో. పన్ను బిల్లు వేసినప్పుడు పడుతుంది, వసూలైనప్పుడు కాదు. కొన్న షీటు మీద కట్టిన పన్ను తగ్గించుకోవచ్చు కానీ డీలరు తన రిటర్నులో మన బిల్లు చూపిస్తేనే. ఫిబ్రవరి షీటు మీద రూ.3.53 లక్షల క్రెడిట్ ఉంది. డీలరు ఆలస్యం చేసి అది జీఎస్టీ పోర్టల్‌లో మన క్రెడిట్ చూపించే 2బి పట్టికలో రాకపోతే మార్చి 20న కట్టాల్సింది రూ.79 వేల నుంచి రూ.4.32 లక్షలకి పోతుంది, సరిగ్గా అప్పు ఎక్కువున్న నెలలో. టెన్షన్ పడాల్సింది ఇలాంటి వరుసల గురించే.

## 45 రోజుల నిబంధన, సీసీ లిమిట్

ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనుగోలుదారు 15 రోజుల్లో ఇవ్వాలి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి ఆదాయపు పన్నులో 43బి(హెచ్) కూడా తోడైంది. గడువు దాటిన బాకీని కొనుగోలుదారు చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలడు.

మరి మన లెక్కలో 60 రోజులెందుకు? ఎందుకంటే కస్టమరు ఇచ్చే పీవోల్లో (కొనుగోలు ఆర్డర్లలో) ఉండేది అదే. చట్టం ప్రకారం 45 వేయాలా, అలవాటు ప్రకారం 60 వేయాలా అన్నదాని మీద లెక్కలవాళ్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. హక్కుని వాడుకోవాలి, బడ్జెట్‌లో 45 రాసి దాన్నే అడగాలి అని కొందరు. ముగ్గురు నలుగురు కస్టమర్లున్న ఊర్లో బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాక మళ్లీ ఎంక్వైరీ వస్తుందా అని ఇంకొందరు. నా మటుకు నగదు బడ్జెట్‌లో గత ఏడాది నిజంగా ఎన్ని రోజులకి వచ్చిందో అదే వేయాలి, 45 రోజులన్నది వసూళ్ల లక్ష్యంగా పక్కన ఉండాలి. ఈ రక్షణ తయారీ, సేవల సంస్థలకే, వ్యాపారులకి వర్తించదు. కాబట్టి షీటు డీలరు మన మీద దీన్ని వాడలేడు. వాడాల్సిన అవసరమూ లేదనుకోండి, లారీ ఆపేస్తే చాలు.

యూనిట్ లిమిట్ రూ.20 లక్షలైతే మార్చిలో రూ.1.2 లక్షలు దాటుతుంది. ఫిబ్రవరి బిల్లుల డబ్బు రూ.28.32 లక్షలు ఏప్రిల్‌కి బదులు మేలో వస్తే? ఏప్రిల్ చివరికి లోటు రూ.43 లక్షలు. చిన్న పరిశ్రమల అప్పుల మీద ఆర్బీఐ వేసిన నాయక్ కమిటీ చెప్పిన టర్నోవర్ పద్ధతిలో బ్యాంకులు అంచనా అమ్మకాల్లో కనీసం 20 శాతం వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఇవ్వాలి, రూ.2.4 కోట్లకి రూ.48 లక్షలు. అడిగితే లిమిట్ పెరగొచ్చు. కానీ లిమిట్ ఎంతున్నా తీసుకోగలిగేది డ్రాయింగ్ పవర్ మేరకే. అది నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ని బట్టి ఉంటుంది. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలని బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. వసూలు ఆలస్యమైన కొద్దీ అవసరం పెరుగుతుంది, అదే కారణంతో డ్రాయింగ్ పవర్ తగ్గుతుంది. ఈ మెలిక బడ్జెట్‌లో ముందే కనిపిస్తే జనవరిలోనే బ్యాంకుకి వెళ్లొచ్చు. మార్చి 25న వెళ్తే మేనేజరు గారికి వేరే పనులుంటాయి.

## తక్కువ ఖర్చయితే పొదుపేనా

ఏడాది నడిచాక బడ్జెట్‌ని అసలు లెక్కతో పోల్చేటప్పుడు చాలామంది ఒక చోట మోసపోతారు. మార్చికి 3,500 ట్రేలు అమ్ముదామనుకున్నాం, మారే ఖర్చు రూ.28.35 లక్షలు వేశాం. అమ్మింది 3,000, వాటి ఖర్చు రూ.25.5 లక్షలు. రూ.2.85 లక్షలు మిగిలాయని సంబరం. 3,000 ట్రేలకి అయ్యుండాల్సింది రూ.24.3 లక్షలే. నిజానికి రూ.1.2 లక్షలు ఎక్కువ ఖర్చు పెట్టారు. తయారైన సంఖ్యకి తగ్గట్టు బడ్జెట్‌ని తిరగరాసి పోల్చడాన్నే ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అంటారు.

ఆ రూ.1.2 లక్షలనీ విడదీయాలి. 31,500 కిలోలు పట్టాల్సిన చోట 32,000 వాడారు: 500 కిలోలు, రూ.35 వేలు. షీటు కిలో రూ.70కి బదులు రూ.72.50 పడింది: రూ.80 వేలు. మిగిలిన రూ.5 వేలు చిల్లర ఖర్చులు. మొదటిదానికి షీరింగ్ (షీటు కోసే యంత్రం) దగ్గర ఉండే మనిషిని అడగాలి. రెండోదానికి అతన్ని అడిగి లాభం లేదు, అది మార్కెట్ పని లేదా కొనుగోళ్లు చూసేవాళ్ల పని. ఈ తేడా చూపించకుండా మీటింగ్ పెడితే తిట్లు ఎప్పుడూ షెడ్డులోవాళ్లకే పడతాయి.

## ఏడాది బడ్జెట్ మీద ఉన్న తగాదాలు

అంకెలు ఎవరు వేయాలన్నది మొదటిది. యజమాని వేస్తే వేగంగా అవుతుంది కానీ పట్టీ వెడల్పు లాంటి సంగతులు ఆయన దాకా రావు. కిందివాళ్లని అడిగితే అవి వస్తాయి, వాటితో పాటు కొసరు కూడా వస్తుంది. స్టోర్స్‌లో ఐదు శాతం ఎక్కువ, అమ్మకాల్లో పది శాతం తక్కువ చెబుతారు, తర్వాత మాట పడకుండా. లక్ష్యానికి ఇన్సెంటివ్ ముడిపెడితే ఇది ఇంకా పెరుగుతుంది.

కిందటేటి అంకెకి కొంత కలిపే అలవాటుకి విరుగుడుగా, ప్రతి ఖర్చునీ సున్నా నుంచి సమర్థించుకోవాలనే జీరో బేస్డ్ బడ్జెటింగ్ 1960ల చివర్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో రూపుదిద్దుకుంది. షెడ్డు అద్దె, షీటు మీద దాని ప్రభావం తక్కువ. రిపేర్లు, ప్రయాణాలు, సెక్యూరిటీ కాంట్రాక్టు లాంటి వాటిలో ఎప్పుడో మొదలై ఆగని ఖర్చులు బయటపడతాయి. ఏటా అన్నిటికీ చేయడం మాత్రం చిన్న యూనిట్‌కి తలకి మించిన పని.

ఇంకో వర్గం ఏడాది బడ్జెట్టే వద్దంటుంది. స్వీడన్‌లో హాండెల్స్‌బాంకెన్ అనే బ్యాంకు 1970లలోనే దాన్ని వదిలేసింది. షీటు ధర నెలకోలా ఉంటే పన్నెండు నెలల ముందు అంకె రాయడమెందుకు, మూడు నెలలకోసారి ముందున్న పన్నెండు నెలలని తిరిగి లెక్కేసుకునే రోలింగ్ ఫోర్‌కాస్ట్ చాలదా అని వాళ్ల ప్రశ్న. ధరల విషయంలో వాళ్ల వాదన బలమైనదే. అయితే సీసీ లిమిట్, రేట్ కాంట్రాక్టు, షెడ్డు అద్దె, జీతాల పెంపు అన్నీ ఏడాదికోసారే కుదిరే ఒప్పందాలు. వాటికి ఒక స్థిరమైన అంకె లేకుండా అవతలివాళ్ల ముందు కూర్చోలేం. అందుకే కొన్ని యూనిట్లలో రెండూ నడుస్తాయి. లాభనష్టాల బడ్జెట్ ఏప్రిల్‌లో వేసిందే ఏడాదంతా ఉంటుంది, నగదు పట్టికని మాత్రం ప్రతి నెలా జీఎస్టీ కట్టిన మర్నాడు కొత్తగా రాస్తారు, అప్పటికి వసూళ్లు, క్రెడిట్ రెండూ తేలిపోతాయి కాబట్టి.